నల్ల పైపు, ఎర్ర తువ్వాల

రెంజల్ మండలం, మన ఇల్లు
12 జూన్ 2025

నవతా, మీ వదిన ఇక మన ఇంట్లోనే ఉండి నౌకరీ చేస్తుందట బిడ్డా!

నీ క్షేమం అడగకుండానే మొదలుపెట్టినాను, కోపం చేసుకోకు. పొద్దున ఈ మాట విన్నప్పటి నుంచి నా కాలు ఒక్క తావున నిలుస్తలేదు. బర్రెకు రెండుసార్లు కుడితి పెట్టినాను. అది కూడా నా ముఖం చూసి కాదనకుండా తాగింది. నువ్వు, అల్లుడు నాగేందర్ నిజామాబాద్‌లో బాగున్నారనీ, మీ కెమెరాల దుకాణం మంచిగా నడుస్తున్నదనీ తలుస్తున్నాను.

"ఫోన్ చేసి చెప్పరాదు" అంటుంది మీ అవ్వ. ఫోన్ చెవికి పెట్టుకుంటే నాకు తేనెతుట్టె కదిలిన చప్పుడు వస్తుంది గానీ నీ మాట రాదు. అందుకే ఎప్పటిలాగే మన రవీందర్ పాలవ్యాన్‌లో ఉత్తరం పంపుతున్నాను. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు. కాగితం మీద నీ మాట నాకు సాఫుగా వినపడుతుంది.

సంగతి నీకు తెలిసిందే. పెండ్లయిన నాటి నుంచి మీ అన్న ధనుంజయ్ ఇక్కడ బోధన్ రైస్‌మిల్లులో, నిరోష అక్కడ హైదరాబాద్ హాస్టల్లో. శనివారం కలుసుకోవడం, ఆదివారం బస్టాండ్‌లో విడిపోవడం. ఇద్దరూ ఒకరికొకరు చుట్టాల లెక్క అయిపోయినారు. మీ అవ్వ ఆదివారం సాయంత్రం వంటింట్లో నుంచి బయటికి రాదు, కోడలు చెప్పులు తొడుక్కోవడం చూడలేక. ఇప్పుడు నిరోష పైఅధికారి ఒప్పుకున్నాడట. ఆమెది ఫోన్‌లో మాట్లాడే నౌకరీ గదా, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు మా బీమా కాగితం పాసయిందా లేదా అని అడిగితే జవాబు చెప్పాలి. అది ఇంట్లో నుంచి చేసుకోవచ్చునట. ఒక్కటే షరతు. ఇంటర్నెట్ లైను తెగకూడదు. సెప్టెంబర్ నడిమిదాకా చూస్తారట. వానల్లో లైను నిలబడితే ఇక ఎప్పటికీ ఇక్కడే. మాటిమాటికీ తెగితే మళ్ళీ హాస్టలే.

మన వియ్యంకుల ఊరు జక్రాన్‌పల్లి నుంచి నిరోష తండ్రి ఆత్మారాం వచ్చి కూచున్నాడు. చాయ తాగి, మీసం తుడుచుకొని అన్నాడు గదా, "బావా, పసుపుకు తడి తగలకుండ కాపాడుడు నీకు ఎరుకే, ఒప్పుకుంట. కని ఇంటర్నెట్ వైరు పసుపు కొమ్ము కాదు. దసరాకు నా బిడ్డ మల్ల హైదరాబాద్ బస్సు ఎక్కుతది సూడు" అని నా చెవిలో అరిచినాడు. నేను ఊరుకుంటానా? పందెం వేసినాను. లైను నిలబడితే సద్దుల బతుకమ్మకు పూల గంప ఆయనే నెత్తిన పెట్టుకొని మన ఇంటి గల్మ దాకా నడిచి రావాలి. తెగితే ఆ గంప నేను మోయాలి.

ఇప్పుడు అసలు పని. కంపెనీ మనిషి రోడ్డు స్తంభం నుంచి ముందు గది దాకే లైను ఇచ్చి, పెట్టె ఒకటి బిగించి పోయినాడు. ముందు గదిలో ట్రాక్టర్ల మోత, వడ్ల లారీల మోత, అన్నిటికంటే నా గొంతు. నాకు వినపడదు గనుక నేను మెల్లగా మాట్లాడుతున్నానని అనుకుంటాను, అవతలివాళ్ళు చెవులు మూసుకుంటారు. కాబట్టి నిరోషకు కల్లం వెనకాల పసుపు నిలువచేసే గది, అదే మన పసుపు గది, ఖాళీ చేసి సున్నం వేయిస్తున్నాను. కల్లం గోడ వెంబడి వైరు పోవాలి, అంతా ఎండలో, వానలో. ఏ వైరు, ఎట్లా వేయాలో నువ్వే చెప్పాలి. మిగతా పని నాది. కోడలికి మామ వేసిన లైను అనిపించుకోవాలని నా ఆశ.

ఆనందం పట్టలేని మీ బాపు,
రాజనర్సు

వర్ని రోడ్డు, నిజామాబాద్
16 జూన్ 2025

బాపూ, దండాలు.

నీ ఉత్తరం దుకాణం కౌంటర్ మీద పెట్టుకొని చదివాను, తర్వాత నాగేందర్‌కు చదివి వినిపించాను. నా పెండ్లి ఖాయమైనప్పుడు నువ్వు రాసింది ఒక్క ముక్క, "చుట్టీ పెట్టుకొని రా, చీర మీ అవ్వ కొన్నది" అని. కోడలికేమో ఇన్ని పేజీలు! గుర్తుపెట్టుకుంటాను.

నవ్వులాట పక్కన పెడితే, నాకూ చాలా సంతోషంగా ఉంది. అన్న ఆదివారం రాత్రి ఫోన్ చేసి ఊరికే వాతావరణం గురించి మాట్లాడేవాడు. ఇక ఆ బాధ తప్పుతుంది.

ఇక వైరు. వానకు తడిస్తేనే పాడవుతుందని అందరూ అనుకుంటారు గానీ, ముందు దాన్ని చంపేది ఎండ. ఇంట్లో వేసే తెల్ల వైరు ఎండకు పెళుసుబారి పగులుతుంది. ఆ పగుళ్ళలో నుంచి వాన లోపలికి పోతుంది. అందుకని నల్ల తొక్క ఉన్న కేబుల్ చుట్ట రవీందరన్నతో పంపుతున్నాను, బయట వేయడానికే చేసింది. దాన్ని కూడా వట్టిగా గోడ మీద వేయకు. నల్ల పైపులో దూర్చి, పైపును గోడకు బిగించు. లాగేటప్పుడు మోకుతో బండి లాగినట్టు లాగకు, లోపల ఉన్నవి సన్నటి రాగి తీగలు.

ఇంకొకటి. గోడలోకి పోయే ముందు కేబుల్‌ను రంధ్రం కంటే జానెడు కిందికి వేలాడదీసి, అక్కడి నుంచి పైకి మలిపి లోపలికి పంపించు. వాన నీళ్ళు కేబుల్ పట్టుకొని నడిచి వస్తాయి బాపూ. ఆ వంపు దగ్గరికి రాగానే కిందికి కారిపోతాయి. వంపు లేదంటే నేరుగా వదిన బల్ల మీదికే వస్తాయి. గోడ మీద డబ్బా కూడా ఒకటి పంపుతున్నాను, బయటి కేబుల్, లోపలి వైరు అందులో కలుస్తాయి. కొసలకు జాక్, అంటే పెట్టెలో గుచ్చే మొన, కొట్టడం అన్నకు వచ్చు, మా దుకాణం మొదలైనప్పుడు నేర్చుకున్నాడు.

అవ్వను నిచ్చెన ఎక్కనీయకు. నువ్వు కూడా చెప్పులతో ఎక్కకు.

నీ బిడ్డ,
నవత

మన ఇల్లు
3 జూలై 2025

నవతమ్మా, లైను పడింది, కోడలు వచ్చింది, మొదటి ఫోన్ కూడా మాట్లాడింది!

రాగానే మీ అవ్వ దిష్టి తీసింది. నేను పసుపు గదికి కొబ్బరికాయ కొట్టినాను. నిరోష నవ్వి, "మామా, కంప్యూటర్‌కు కూడ బొట్టు పెడ్తవా ఏంది" అన్నది. పెట్టినాను. మూలకు చిన్నగా, కనపడకుండా.

మొదటి ఫోన్ వచ్చినప్పుడు మీ అవ్వ తలుపు సందులో నిలబడి విన్నది. బయటికి వచ్చి నాకు చేతులు తిప్పుతూ చెప్పింది: "గంత మెల్లగ మాట్లాడుతది, అవతలోళ్ళకు ఎట్ల ఇనపడుతదో! కని వాళ్ళు ఏడ్సుడు ఆపి థాంక్స్ చెప్తున్రు." ఇంత మంచి నౌకరీ అని నాకు తెలియదు బిడ్డా. మనిషి ఆసుపత్రిలో పరేషాన్ అయి ఫోన్ చేస్తే మన పసుపు గదిలో నుంచి ఒక మాట పోయి ఆ మనిషికి ఊపిరి పోస్తున్నది. లైను మధ్యలో తెగితే ఆ మనిషి గతి ఏమి? అప్పటి నుంచి ఆ కేబుల్ నాకు ఉత్త వైరులాగా కనపడటం లేదు.

నువ్వు చెప్పినట్టే చేసినాను. నల్ల పైపే వేసినాను, మంచి మందం ఉన్నది. నేను ఒక కొస పట్టి, మీ అన్న ఒక కొస పట్టి దూర్చినాము. వంపు కూడా పెట్టినాము, మీ అవ్వ జాన పెట్టి కొలిచింది. లోపల గాలి ఆడేటట్టు కూడా చూసినాను. పసుపు కుప్పకు గాలి ఆడకపోతే బూజు పడుతుంది గదా, వైరుకు మాత్రం ఎందుకు పట్టదు? గోడ మీది డబ్బాకు చీమ కూడా దూరకుండా మూతి కట్టినాను. ఇక మేఘం దిగివచ్చి కూచున్నా భయం లేదు.

నిరోష ఒక ఉపాయం చేసింది. లైను తెగితే నన్ను పిలవాలి, పిలిస్తే నాకు వినపడదు. అందుకని పసుపు గది ముందటి రెయిలింగ్ మీద ఎర్ర తువ్వాల వేస్తుంది. ముందు అరుగు మీద కూచున్న నాకు కల్లం దాటి అది కనపడుతుంది. ఎర్ర తువ్వాల కనపడితే లైను పోయినట్టు. ఇంతవరకు కనపడలేదు.

నాట్లు సగం అయినాయి. నీకు చింతకాయ తొక్కు పంపుతున్నాను. రవీందర్ దారిలో మూత తీయకుండా చూసుకోమని ఆయనకే చెప్పినాను.

గర్వంగా,
బాపు

నిజామాబాద్
7 జూలై 2025

బాపూ,

తొక్కు వచ్చింది, మూత భద్రంగానే ఉంది. సగం నాగేందర్ ఒక్క పూటలో తిన్నాడు.

పని శుభ్రంగా చేశారని వదిన కూడా ఫోన్‌లో చెప్పింది. గాలి ఆడేటట్టు చూశానన్నావు, పైపు రెండు కొసలూ తెరిచిపెట్టావు అనుకుంటున్నాను. మంచిదే. డబ్బాను గట్టిగా బిగించడం కూడా మంచిదే. మా దుకాణానికి వచ్చేవాళ్ళకు నీ పేరు చెప్పి, మా బాపు దగ్గర నేర్చుకోండి అంటున్నాను. గాలికి ఎగిరిపోకు మరి.

నవత

మన ఇల్లు
28 జూలై 2025

బిడ్డా నవతా,

ఎర్ర తువ్వాల కనపడింది.

ముందు ఒకసారి ఉత్తుత్తిగా కనపడింది, అది చెప్తాను విను. ముసురు పట్టిన నాడు రెయిలింగ్ మీద ఎర్రగా కనపడగానే నిచ్చెన భుజాన వేసుకొని కల్లం అంతా బురదలో ఉరికినాను. తీరా చూస్తే అది మీ అవ్వ ఎర్రచీర, చూరు కింది దండెం మీద ఆరేసింది. "గంత ఆత్రం ఏంది, పెండ్లికొడుకు లెక్క" అని నవ్వింది. ఇక నుంచి ఈ ఇంట్లో ఎర్రచీర వెనక దండెం మీద ఆరేయవద్దని హుకుం జారీ చేసినాను.

తర్వాత నిజంగానే వేసింది. వింత ఏమంటే, వాన కురుస్తున్నంత సేపు లైను బాగుంది. వాన వెలిసి ఎండ కాసిన మరునాడు పోయింది. కాసేపటికి వచ్చింది. మళ్ళీ పోయింది. వాన పడ్డప్పుడు పోతే వాననే తిట్టుకుందును, ఎండలో పోతే ఎవరిని తిట్టాలి? కంపెనీ మనిషిని పిలిస్తే ముందు గది పెట్టె చూసి, అంతా మంచిగ ఉందని పోయినాడు. ఎద్దు తాడు తగిలిందేమో అనుకొని ఎద్దును కల్లం అవతలికి కట్టినాను. అది అలిగింది.

నిరోష నన్ను ఒక్క మాట అనలేదు. "మామా, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అని పెదవులు కదిపింది. కానీ ఆమె ఫోన్ ముందర పెట్టుకొని మళ్ళీ మళ్ళీ అదే నంబర్ కలుపుతుంటే చూసినాను. తెగిన మనిషిని వెతుకుతున్నది.

జల్ది జవాబు రాయి.
బాపు

నిజామాబాద్
31 జూలై 2025

బాపూ,

ఎద్దును మళ్ళీ దాని చోట కట్టు, పాపం దాని తప్పు లేదు.

వానలో బాగుండి ఎండలో పోయిందంటే, నీళ్ళు ఎక్కడో లోపల నిలబడి ఉన్నాయి. ఎండకు వేడెక్కి, ఆవిరై, జాక్ దగ్గరికి చేరుతున్నాయి. డబ్బా తెరిచి అన్నను జాక్ చూడమను. రాగి చెంబుకు పట్టినట్టు పచ్చగా చిలుము కనపడితే, దాన్ని కోసేసి కొత్తది కొట్టమను. కొత్త జాక్‌లు, కొట్టే పరికరం రవీందరన్నతో పంపుతున్నాను.

వదినను ఫోన్‌లో అడిగితే ఏమీ చెప్పదు. "మామ సూస్కుంటుండు, మామ మస్తు చేస్తుండు" అంటుంది, నీ మీద ఒక్క ఫిర్యాదు నోట్లో నుంచి రాదు. కాబట్టి నాకు నీ కళ్ళే దిక్కు. వేసిన పైపులో మిగిలిన ముక్క ఏదైనా ఉంటే ఒకటి పంపు. ఎంత లావుదో, ఏ రకందో చూస్తాను.

నవత

మన ఇల్లు
17 ఆగస్టు 2025

నవతా,

జవాబు ఆలస్యం చేసినాను. కొత్త జాక్ కొట్టగానే లైను మంచిగ నడిచింది, పైపు ముక్క సంగతి మరిచిపోయినాను. నువ్వు చెప్పినట్టే పాత జాక్ పచ్చగా చిలుము పట్టి ఉన్నది. మీ అవ్వ చింతపండు పెట్టి తోముతానన్నది, మీ అన్న వద్దన్నాడు.

మొన్నటి వానతో మళ్ళీ మొదలైంది. ఎర్ర తువ్వాల పొద్దున వేస్తే సాయంత్రం దాకా ఉన్నది. నిరోష పైఅధికారి ఫోన్ చేసినాడు. ఆమె కల్లం నడుమ నిలబడి, తల వంచుకొని చాలాసేపు విన్నది. ఏమన్నాడో నాకు తెలియదు. మీ అన్నను అడిగితే "ఏం లేదు బాపు" అన్నాడు. ఏమీ లేకపోతే ముఖం అట్లా పెట్టడు.

ఇక రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను. నిన్న పసుపు గది ముందు నుంచి పోతుంటే తలుపు తెరిచి ఉంది. మంచం మీద పెద్ద బ్యాగు. బట్టలు మడతపెట్టి వేస్తున్నది. నేను చూడనట్టు వచ్చేసినాను. వచ్చి బర్రె దగ్గర నిలబడినాను. మీ అవ్వకు చెప్పలేదు. చెప్తే ఇప్పటి నుంచే వంటింట్లో దూరుతుంది.

ఆత్మారాం గెలిచినాడు అనుకుంటాను. గెలిస్తే గెలవనీ, పూల గంప నేనే మోస్తాను, దానికి నాకేమీ లేదు. కానీ ఇల్లు సందడిగా ఉండె బిడ్డా. పొద్దున చాయకు నలుగురం కూచుంటుంటిమి. మీ అన్న మిల్లు నుంచి వచ్చేటప్పుడు ఈలవేస్తూ వస్తున్నాడట, మీ అవ్వ చెప్పింది.

నువ్వు అడిగిన పైపు ముక్క కోసి పంపుతున్నాను. చూసి నువ్వే చెప్పు, ఇంతకంటే మంచి పైపు ఏడ దొరుకుతుంది? చెరుకు వేసినప్పుడు డ్రిప్పు కోసం తెచ్చినది. ఎన్ని ఎండాకాలాలు చూసినా ఒక్క పగులు రాలేదు. చక్కెర ఫ్యాక్టరీ బందై చెరుకు తీసేసిన తర్వాత కొట్టంలో చుట్టలు చుట్టి పెట్టినాను. నీళ్ళు చుక్కలు పడే బుడిపెలన్నీ నేనే కూచొని పీకేసినాను. ఆ చిల్లులు మీదికి వచ్చేటట్టు గోడకు కట్టినాను, గాలి ఆడాలని. డబ్బాకేమో ఎరువు సంచి లోపలి ప్లాస్టిక్ కవరు తొడిగి, సుతిలి తాడుతో మూతి కట్టినాను.

ఇంకా ఏమి తక్కువ చేసినానో నాకు తెలుస్తలేదు.

మీ బాపు

నిజామాబాద్
20 ఆగస్టు 2025

మా మంచి బాపూ,

పైపు ముక్క చేతిలో పట్టుకొని ఎంతసేపు నవ్వానో! నాగేందర్ లోపలి నుంచి వచ్చి, "ఏమైంది" అన్నాడు. ముక్క ఎత్తి పట్టుకొని చిల్లులో నుంచి ఆయన్ను చూశాను. ఆయన కూడా కూలబడ్డాడు. కోపం తెచ్చుకోకు. నవ్విన తర్వాత కండ్లల్ల నీళ్ళు వచ్చినై. నీ చెరుకు పైపు, నీ పసుపు గాలి, నీ ఎరువు సంచి, ఇంట్లో ఉన్నదంతా తెచ్చి వదిన లైనుకు తొడిగావు.

తప్పు నాది కూడా. "నల్ల పైపు" అని రాశాను, ఏ నల్ల పైపో రాయలేదు. మన ఇంట్లో నల్ల పైపు అంటే ఏముంటుందో నాకు తెలియదా!

ఇప్పుడు విను. చిల్లులు మీదికి ఉంటే ప్రతి చిల్లూ ఒక గిన్నె లెక్క వాన నీళ్ళు పట్టుకుంటుంది. పైపు గోడ నడుమ కొంచెం కుంగి ఉంటుంది, నీళ్ళన్నీ అక్కడ చేరి కూచుంటాయి. కేబుల్ ఆ నీళ్ళలో నానుతుంది. నానినా ఏమీ కాకపోవును, కానీ నువ్వు బుడిపెలు పీకినప్పుడు మిగిలిన మొనలు లోపలికి పొడుచుకొని ఉన్నాయి. లాగేటప్పుడు అవి తొక్కను గీరినై. ఆ గీతలో నుంచి నీళ్ళు దూరి, లోలోపల నడిచి డబ్బా దాకా పోయినై. డబ్బాకేమో కవరు. పొద్దున ఎండకు లోపల చెమట పడుతుంది, బయటికి పోయే దారి లేదు. అందుకే చిలుము.

పైపు పారేయకు. ఇంత మంచి పైపు మళ్ళీ దొరకదు, నిజంగానే. పైపుకు మూడు పనులు చెయ్యి. ముందు పాత కేబుల్ తీసేసి, ముడులు వేసిన మోకు ఒకటి పైపు లోపల అటూ ఇటూ లాగు, మొనలన్నీ విరిగిపోతాయి. తర్వాత నేను పంపుతున్న కొత్త కేబుల్ మెల్లగా దూర్చు. ఆఖరికి పైపును తిప్పు. చిల్లులు కిందికి. అంతే బాపూ! మీదికి ఉన్నప్పుడు నీళ్ళు తెచ్చిన చిల్లులే, కిందికి తిప్పితే నీళ్ళు తీసేస్తాయి. నువ్వు కోరిన గాలి కూడా ఆడుతుంది. డబ్బా కవరు తీసెయ్యి, పైన, పక్కల సందులకు మాత్రం సిలికాన్ జిగురు పూసి, అడుగున మేకుతో ఒక్క చిన్న రంధ్రం పెట్టు. నీళ్ళను ఆపడం సగం పని, వచ్చినవాటికి పోయే దారి చూపడం మిగతా సగం.

నేనే వచ్చి చేద్దును గానీ వినాయకచవితి ముందర ఊరంతా మండపాలే, ప్రతి మండపానికీ కెమెరా కావాలె. ఊపిరి ఆడుతలేదు.

బ్యాగు సంగతి నేను వదినను అడగను. నువ్వే అడుగు. వినపడదని భయపడుతున్నావా, వినపడుతుందని భయపడుతున్నావా?

నీ బిడ్డ,
నవత

మన ఇల్లు
24 ఆగస్టు 2025

నవతా, పైపు తిప్పినాము, బ్యాగు సంగతి అడిగినాను, రెండూ మంచికే అయినాయి!

నీ ఉత్తరం చదివి కొంచెంసేపు అవమానం అయింది. మీ అవ్వకు చదివి వినిపిస్తే ఆమె కూడా నవ్వింది, తర్వాత నేను కూడా నవ్వినాను. మోకుకు ముడులు వేసి లాగితే పైపు నుంచి గుప్పెడు నల్ల మొనలు రాలినై. పాత కేబుల్ మీద నువ్వు చెప్పిన గీతలు కనపడినై, పిల్లి గోళ్ళతో రక్కినట్టు. కొత్తది పసిపిల్లకు చొక్కా తొడిగినట్టు మెల్లగా తొడిగినాము. పైపు తిప్పి కట్టగానే నడిమి చిల్లుల్లో నుంచి నిలువ నీళ్ళు బొటబొటా కారినై. అన్ని రోజులు అవి లోపలే కూచున్నవి చూడు!

డబ్బా బిగించిన తర్వాత మీ అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి దాని నెత్తిన పోసింది. "వాన కోసం సూసుడు ఎందుకు, ఇప్పుడే సూద్దాం పట్టు" అని. ఒక చెంబు, ఇంకొక చెంబు, బిందెడు. లోపల పొడిగా ఉన్నది. నిరోష కిటికీలో నుంచి చూసి, "అత్తమ్మా, హారతి కూడ ఇయ్యి" అన్నది. అప్పుడు ఆమె నవ్వుతున్నది గదా అని ధైర్యం చేసి అడిగేసినాను, "బిడ్డా, ఆ బ్యాగు ఎందుకు సదిరినవ్?" అని.

ఆమె ఏదో చెప్పింది, వినపడలేదు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ వినపడలేదు. అప్పుడు బయటికి వచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి, "మామా! అది సదురుడు కాదు, ఖాళీ చేసుడు! హాస్టల్ల ఉన్న నా సామాన్లు తెచ్చుకోనికి పెద్ద బ్యాగు ఖాళీ చేస్తున్న! హాస్టల్ ఇడిసిపెడ్తున్న!" అని అరిచింది. అంత మెల్లగా మాట్లాడే పిల్ల! ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చినారు. రోడ్డు మీద పోయే ట్రాక్టర్ ఆగింది. లైను ఇంకా నిలబడకముందే హాస్టల్ ఎందుకు విడిచిపెడుతున్నావని అడిగితే, "నా మామ చేస్తుండు గద, నిలవడ్తది" అన్నదట. ఇది మీ అవ్వ తర్వాత చెప్పింది, నాకు వినపడనందుకు మొదటిసారి బాధ అయింది.

ఇక వాన రావాలె. ఆకాశం వంక చూస్తూ కూచున్నాను, నాట్లకు కూడా ఇంతగా చూడలేదు.

బాపు

నిజామాబాద్
30 ఆగస్టు 2025

బాపూ,

ఇక్కడ కుండపోత. రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయని రవీందరన్న వ్యాన్ రావడం లేదు. ఈ ఉత్తరం ఎప్పుడు అందుతుందో తెలియదు. అన్న ఫోన్ కలవదు, వదిన ఫోన్ కలవదు, మీ దగ్గర కరెంటు ఉందో లేదో. మండపాల దగ్గర రెండు కెమెరాలు నీళ్ళు తాగినై. వాటికి నేనే పైన సిలికాన్ పూసి, అడుగున రంధ్రం పెట్టడం మరిచిపోయాను! ఎవరికీ చెప్పకు.

నువ్వు నిచ్చెన ఎక్కావేమోనని నాకు ఫికర్. లైను పోతే పోయింది గానీ వానలో ఎక్కకు. ఒక్క ముక్క రాసినా చాలు.

నవత

మన ఇల్లు
18 సెప్టెంబర్ 2025

నవతా, నవతా, నవతా! ఒప్పుకున్నారు! మీ వదిన ఇక ఇక్కడే!

నీ కెమెరాల సంగతి ఎవరికీ చెప్పలేదు. మీ అవ్వకు చెప్పినాను, మీ అన్నకు చెప్పినాను, రవీందర్ అడిగితే చెప్పినాను. ఇంతే.

మేము బాగున్నామని మీ అన్న అప్పుడే ఫోన్‌లో చెప్పినాడు గదా, ఆఫీసువాళ్ళు ఏదో ఒకటి తేల్చేదాకా నేను ఉత్తరం ఆపినాను. ఆ వాన సంగతి చెప్పాలె. చెరువుకు, పొలానికి నడుమ గట్టు కనపడలేదు. పొలాల అమావాస్యకు ఎద్దులకు కట్టిన రంగు కాగితాలు కొట్టంలోనే కరిగిపోయినై. కరెంటు పోయింది గానీ మీ అన్న మిల్లు నుంచి బ్యాటరీ ఒకటి తెచ్చి ముందు గదిలో పెట్టెకు కలిపినాడు, దాన్నే పెట్టెకు కొంత, కంప్యూటర్‌కు కొంత పొదుపుగా వాడుకున్నారు. నేను అరుగు మీద గొంగడి కప్పుకొని కూచున్నాను. కల్లం అవతల రెయిలింగ్ వానలో మసకగా కనపడుతుండె. కండ్లు చికిలించి చూసినాను. ఎరుపు లేదు. అన్నం తిని వచ్చి చూసినాను. లేదు. మీ అవ్వ, "గట్ల సూస్తే రెయిలింగే ఎర్రగైతది" అన్నది. పైపు కింది చిల్లుల్లో నుంచి నీళ్ళు సన్నటి దారాల లెక్క కారుతుండె. చూడముచ్చటగా ఉండె బిడ్డా. వాన వెలిసి ఎండ కాసింది. అసలు భయం అప్పుడే గదా. ఎండలో కూడా ఎరుపు లేదు.

ఆ రోజుల్లో ఒక ముసలమ్మ ఫోన్ చేసిందట, భర్తకు ఆపరేషన్, కాగితం పాస్ కాలేదు, ఆమెకు చదువు రాదు. నిరోష ఆమెతో చాలాసేపు మాట్లాడి, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో ఒక్కొక్కటే చెప్పి పని చేసి పెట్టింది. మధ్యలో ఒక్కసారి తెగలేదు. అటు వాన, ఇటు వాన, నడుమ మన నల్ల పైపులో నుంచి ఆ మాట పోతూనే ఉన్నది. నాకు ఒక్క మాట వినపడదు. అయినా ఆ పైపు మీద చెయ్యి పెట్టి నిలబడితే ఏదో వింటున్నట్టే అనిపించింది.

ఇక ఇవాళ్టి సంగతి. మధ్యాహ్నం అరుగు మీద వేరుశనగలు ఒలుస్తున్నాను. తల ఎత్తితే రెయిలింగ్ దగ్గర ఎర్ర తువ్వాల! ఆకాశంలో మబ్బు తునక లేదు, ఇప్పుడు ఏమైంది అని నిచ్చెన అందుకొని ఉరికినాను. కల్లం సగం దాటిన తర్వాత చూస్తే తువ్వాల రెయిలింగ్ మీద లేదు. నిరోష చేతిలో ఉన్నది. నెత్తి మీద గిరగిరా తిప్పుతున్నది, జాతరలో జెండా తిప్పినట్టు. పండ్లన్నీ కనపడేటట్టు నవ్వుతున్నది. నేను నిచ్చెన పట్టుకొని కల్లం నడుమ నిలబడిపోయినాను. దగ్గరికి వచ్చి నా చెవిలో చెప్పింది: "అరిస్తే నీకు ఇనపడదు గద మామా, అందుకే తువ్వాల ఊపిన. ఆఫీసోళ్ళు ఒప్పుకున్రు. ఇగ ఎప్పటికి ఈడనే."

నిచ్చెన ఇంకా కల్లంలోనే పడి ఉన్నది. ఎవరూ తీయలేదు. మీ అవ్వ వంటింట్లో దూరింది, ఈసారి పాయసం కోసం. మీ అన్న ఈల వీధి చివర నుంచే వచ్చిందట. మీ అవ్వ చేత్తో సైగ చేసి చూపించింది, ఇంత పొడుగు ఈల అని.

ఇప్పుడు నువ్వు చేయవలసిన పని. ఈ సంగతి చెప్పవలసినవాళ్ళను రాస్తున్నాను, ఎవరినీ మరువకు.

మెండోరలో మీ మేనత్త తారాబాయికి ముందు చెప్పు. ఆలస్యంగా తెలిస్తే అలుగుతుంది, అలిగితే బతుకమ్మకు రాదు. ఆర్మూర్‌లో మీ చిన్నబాపు మల్లికార్జున్‌కు చెప్పు, ఆయనకు చిల్లుల సంగతి మాత్రం చెప్పకు, డ్రిప్పు పైపు నేను ఆయన దగ్గరే అడిగి తెచ్చుకున్నది, తిరిగి అడుగుతాడు. ధర్మాబాద్‌లో మీ మేనమామ రామ్‌దాస్‌కు మరాఠీలో చెప్పినా సరే, తెలుగులో చెప్పినా సరే, గట్టిగా చెప్పు, ఆయనకు కూడా నా చెవులే. సిర్నపల్లిలో మీ పెద్దమ్మ కూతురు స్నేహలతకు చెప్పు, దాని మొగుడు దుబాయి నుంచి మాట్లాడితే లైను తెగుతున్నదట, వంపు సంగతి, చిల్లుల సంగతి దానికి వివరంగా చెప్పు. మన అల్లుడికి చెప్పు, మా లైనుకు ఆయన పంపిన కేబుల్‌తోనే పేరు వచ్చిందని. రవీందర్‌కు నేనే చెప్పినాను, ఆయన వ్యాన్ ఆగిన ప్రతి ఊరిలో ఇప్పటికే చెప్పి ఉంటాడు.

జక్రాన్‌పల్లి వియ్యంకునికి మాత్రం ఎవరూ చెప్పవద్దు. నిరోషను కూడా ఫోన్ చేయవద్దన్నాను. రేపు పొద్దున మొదటి బస్సుకు నేనే పోతాను. తంగేడు పూలు, గునుగు పూలు ఎక్కడ బాగా పూసినవో చూసిపెట్టుకొమ్మని, గంప పెద్దది తీసుకొమ్మని ఆత్మారాం ముఖం మీదే చెప్తాను. ఆయన లేచి కేకలు వేస్తాడు. వేయనీ బిడ్డా, ఎన్ని కేకలు వేస్తే అన్ని వేయనీ. నాకు వినపడదు గదా.

మీ బాపు,
రాజనర్సు